ఐలవ్వ ఉపవాసాలు

కోరుట్లలో ఐలవ్వ ఉండే వాడలో ఎవరింట్లో పెళ్లైనా, పురుడైనా, కొత్త ఇల్లు కట్టినా పిలుపు ముందు ఆమెకే వెళ్తుంది. ఆమె వస్తుంది కూడా. వచ్చి గడప పక్కన కూర్చుంటుంది, పిలిచినవాళ్ల కోసం కళ్లు మూసుకుని నాలుగు మాటలు ప్రార్థన చేస్తుంది, బంతి భోజనాలకు పిలిచే వేళకు లేచి కొంగు సర్దుకుంటుంది. "ఐలవ్వా, రెండు బుక్కలన్న తినిపో" అని ఎవరైనా అడ్డం పడితే, "ఇయ్యాల ఉపవాసమున్న బిడ్డా" అంటుంది. బలవంతం చెయ్యబోయిన చెయ్యి అక్కడే ఆగిపోతుంది. మటన్ కూర వాసన గుప్పుమంటున్న పందిట్లోంచి ఖాళీ కడుపుతో నడిచిపోయే మనిషిని చూస్తే, రెండోసారి వడ్డించుకున్న వాళ్లకు తమ విస్తరి చూసుకుని కొంచెం సిగ్గు కూడా వేస్తుంది.

లోకం తీరే అంత. తినేవాడిని చూసి కుళ్లుకుంటుంది, తిననివాడిని చూసి దండం పెడుతుంది. తునికాకు కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని, తెల్లారింది మొదలు బీడీలు చుట్టి బతికే మనిషి ఐలవ్వ. మొగుడు పోశం పోయాక ఉన్న ఆ కాస్త ఆసరా కూడా పోయింది. అట్లాంటి ఆమెకు వాడలో ఇంత గౌరవం వచ్చిందంటే అది ఈ తినకపోవడం వల్లనే. పిల్లకు జ్వరమొస్తే ముందు ఐలవ్వ దగ్గరికి తెస్తారు. పరీక్షలకు పోయే పిల్లలు ఆమె చేత నెత్తిన చెయ్యి పెట్టించుకుంటారు. చర్చిలో ఆమె ఎప్పుడూ అందరికంటే వెనక, తలుపు పక్కనే కూర్చుంటుంది. ఒక ఆదివారం పాస్టరయ్య ఆమె వైపు చెయ్యి చూపి, "ముందల కూసునేటందుకు కొట్లాడుకునేటోళ్లు ఐలవ్వను చూసి నేర్చుకోవాలె. తగ్గించుకునుడంటే గది" అన్నాడు. ఐలవ్వ తల దించుకుంది. అది చూసి జనానికి ఆమె మీద భక్తి ఇంకా పెరిగింది.

ఆమె తల దించుకున్నది సిగ్గుతో. తలుపు పక్కన కూర్చునేది లేచి ఉరకడానికి.

అసలు సంగతి ఇది. ఐలవ్వకు దొడ్డికొస్తే ఆగదు. వస్తున్నదని తెలిసేలోపే వచ్చేస్తుంది, కొన్నిసార్లు తెలియకుండానే వస్తుంది. ఇది చెప్పడానికి ఎవరికైనా నోరు తడబడుతుంది గానీ, చెప్పకుండా దాటేస్తే ఈ కథ మొదలుపెట్టడమే దండగ. దాచడమే కదా ఇంత పని చేసింది.

కొడుకు రమేశ్ పుట్టినప్పుడు మొదలైంది. ఇంట్లోనే కాన్పు. నొప్పులు పడీ పడీ ఒళ్లు సోలిపోయాక గానీ పిల్లవాడి తల బయటపడలేదు. మంత్రసాని చూసి, "జర చినిగింది, అదే అతుక్కుంటది తియ్యి" అంది. పైన చర్మం అతుక్కుంది. లోపల ఏమైందో చూసేవాళ్లు ఎవరు? మొదట్లో గాలి ఒక్కటే ఆగేది కాదు. వయసులో ఉన్న ఒళ్లు, ఎట్లాగో నెట్టుకొచ్చింది. ముట్లుడిగినాక పట్టు బొత్తిగా సడలిపోయింది. ఒకసారి బుగ్గారంలో చుట్టాల పెళ్లికి పోయి కడుపునిండా తిన్నది. తిరిగి వచ్చేటప్పుడు నిండా జనమున్న ఆటోలో ఆ పని జరిగింది. పక్కనున్నవాళ్లు ముక్కులు మూసుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే, తనది కానట్టు తానూ ముక్కు మూసుకుంది. ఊరు రాకముందే దిగిపోయి, ఎండలో చెలక గట్ల మీద నడుచుకుంటూ ఇల్లు చేరింది.

ఆ తర్వాతి పెళ్లిలో విస్తరి వెయ్యబోతుంటే ఏం చెప్పాలో తోచక "ఉపవాసం" అన్నది. ఆ ఒక్క మాటతో ఎదుటివాళ్ల మొహాలు మారిపోయాయి. అడిగేవాళ్లు లేరు, అనుమానపడేవాళ్లు లేరు. ఎండలో ఒక్కసారి నీడ దొరికినవాడు మళ్లీ అక్కడికే పోతాడు. ఐలవ్వా అంతే.

ఇంట్లో మాత్రం తింటుంది. తలుపు గడియ పెట్టుకుని, బాత్రూం దగ్గర్లో ఉందని చూసుకుని, తొక్కు మెతుకులు దొంగలా తింటుంది. తిన్నాక కళ్లు మూసుకుంటే ప్రార్థన రాదు. మనుషులకు అబద్ధం చెప్తే దేవుడి దగ్గర ఒప్పుకుంటారు. దేవుడి పేరు మీదే అబద్ధం చెప్తే ఎక్కడికి పోయి ఒప్పుకోవాలి? ఈ అబద్ధానికి శిక్షగానే దేవుడు రోగం తగ్గనివ్వడం లేదని ఆమె నమ్మకం. రోగం ముందు వచ్చిందా, అబద్ధం ముందు వచ్చిందా అనేది ఆమె మనసులో ఎప్పుడో కలగాపులగమైంది.

ఇంతవరకైతే అది ఆమె ఒక్కదాని బాధ. ఆమె ఆకలి, ఆమె చీర, ఆమె సబ్బు ముక్క. తప్పు రెండో మనిషి మీదికి పాకింది కోడలి విషయంలో.

రమేశ్‌కు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని. పక్కనే తంగళ్ళపల్లిలో కాపురం. భార్య కృపారాణి తల్లి లేని పిల్ల. అందుకని తొలికాన్పు అయ్యాక కోరుట్లకు తెచ్చుకుని బాలింత సేవ అత్తగారే చేసింది. మనవరాలు బొద్దుగా, పెద్దగా పుట్టింది. కాన్పు కష్టమై కృపారాణికి కుట్లు పడ్డాయి. ఒక మధ్యాహ్నం పిల్ల పడుకున్నాక, ఐలవ్వ ఆకు కత్తిరిస్తుంటే కోడలు పక్కనే కూర్చుని గోరుతో చాప గీరడం మొదలుపెట్టింది.

"అత్తమ్మా, ఒక మాట చెప్తే ఏమనుకోవు గద?"

"చెప్పు బిడ్డా."

"కుట్లయితే మానినయ్ గని, నాకు గాలి ఆగుతలేదు. దొడ్డికి గూడ లేచి పోయేలోపట్నే అయితుంది. మొన్న నీళ్లు తోడుకుంట ఉంటే చీర ఖరాబయింది. ఆయనకు చెప్పాల్నంటే శరమైతుంది. గిది మానుతదా? నీకేమన్న ఎరుకనా?"

ఐలవ్వ చేతిలో కత్తెర ఆగింది. ఎరుకనా అంటే, ఈ భూమ్మీద ఆమెకు ఎరుకైన సంగతి అంటూ ఉంటే అదొక్కటే. నాకూ అంతే బిడ్డా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ వెంటనే కోడలు ఏమడుగుతుందో కూడా తెలిసిపోయింది. ఎప్పటి నుంచి? ఎవరికి చూపించుకున్నవు? మరి గా ఉపవాసాలేంది? గడప పక్కన కూర్చున్న తగ్గింపు గల ఐలవ్వ, నెత్తిన చెయ్యి పెట్టే ఐలవ్వ, అందరూ కళ్ల ముందు తిరిగారు. వాళ్లను వదులుకోవడానికి మనసొప్పలేదు.

"దేవుని మీద భారమెయ్యి" అంది. "ఉపవాసముండి ప్రార్థన చెయ్యి బిడ్డా. తక్కువైతది. ఎవ్వలకు చెప్పకు."

కృపారాణి నమ్మింది. వేరే ఎవరో అంటే ఒకసారి ఆలోచించేదేమో. అన్నది ఉపవాసాల ఐలవ్వ. కొన్నాళ్లకు పిల్లనెత్తుకుని తంగళ్ళపల్లి వెళ్లిపోయింది. బస్సు కదిలేటప్పుడు కిటికీలోంచి, "నువ్వు చెప్పినట్టే ఉంట అత్తమ్మా" అని చెయ్యి ఊపింది. ఆ చెయ్యి ఊపడం ఐలవ్వను చాలాకాలం తిననివ్వలేదు. ఈసారి నిజంగానే.

చివరికి ఆమెను పట్టిచ్చింది ఆకలే. ఎండాకాలంలో ఒకరోజు చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోయి, వరుసలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. అదే వాడలో బీడీలు చుట్టే బాలమణి ఆటోలో వేసుకుని జగిత్యాల పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడ దీక్షిత అనే కుర్ర డాక్టరమ్మ సెలైన్ పెట్టించి, "పొద్దున ఏం తిన్నవమ్మా?" అని అడిగింది.

ఐలవ్వ నోరు తెరిచేలోపే బాలమణి అందుకుంది. "ఏం తినది డాక్టరమ్మా! మా అక్క ఎసొంటి భక్తురాలనుకున్నరు? బయటికి ఎళ్లిందంటే ఉపవాసమే."

"బయటికి ఎళ్తేనేనా? ఇంట్ల ఉంటే తింటదా?"

"ఇంట్ల ఎందుకు తినది, తింటది." బాలమణి ఎంతో అభిమానంగానే చెప్పింది. చెప్పింది ఏమిటో ఆమెకు తెలియలేదు.

డాక్టరమ్మ కాసేపు ఐలవ్వ మొహం చూసింది. తర్వాత బాలమణిని కొబ్బరిబోండాం తెమ్మని పంపించి, కుర్చీ దగ్గరకు జరుపుకుని గొంతు తగ్గించింది. "అమ్మా, తింటే ఆగదా?"

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. కట్టుకున్నవాడు అడగలేదు, కడుపున పుట్టినవాడు అడగలేదు. ఐలవ్వ సెలైన్ ఉన్న చెయ్యి కూడా మరిచిపోయి రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడుపు మధ్యలో అంతా చెప్పింది, కోడలి మాట తప్ప. అది చెప్పడానికి నోరు రాలేదు.

"గిది నీ ఒక్కదానికే ఉందనుకుంటున్నవా? శానమందికి ఉంటది. నీలెక్కనే దాస్తరు" అంది దీక్షిత. "నేను చదువుకున్న దవాఖాన పట్నంల ఉంది. కండకు ఎంత పట్టుంది, నరం పంపే కబురు కండకు చేరుతుందా లేదా, మిషన్ల మీద చూస్తరు. గది చూస్తే గని ఏం చెయ్యాల్నో తెల్వది. రాసిస్త, కొడుకును తోలుకొని పో."

రమేశ్‌కు మొలల పరీక్ష అని చెప్పింది. అబద్ధాల మనిషికి ఒక కొత్త అబద్ధం ఏం బరువు? వాడు పనికి సెలవు పెట్టి తల్లిని వెంటబెట్టుకుని పట్నం బయలుదేరాడు. బస్సులో ఆమె తలుపు పక్క సీటే ఎంచుకుంది.

పరీక్ష గదిలో ఒక పెద్ద డాక్టరమ్మ, ఒక నర్సు ఉన్నారు. ఐలవ్వను ఎడమ పక్కకు తిప్పి, మోకాళ్లు కడుపులోకి ముడిపించి, దుప్పటి కప్పారు. మొదట చివర చిన్న బుడగ ఉన్న సన్నటి గొట్టం పెట్టారు. ఎదురుగా తెర మీద ఒక గీత నడుస్తున్నది.

"బిగబట్టమ్మా. ఇంకా. వదులు. ఒకసారి దగ్గు. మళ్ల బిగబట్టు."

ఐలవ్వ కళ్లు మూసింది, పళ్లు కరిచింది, పిడికిళ్లు బిగించింది. గీత గట్టెక్కలేని ముసలి మేకలా కొంచెం లేచి కూలబడింది.

"పిడికిళ్లు కాదు పెద్దమ్మా, కింద" అని నర్సు నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అసహ్యమూ లేదు. ఐలవ్వకు అది వింతగా తోచింది. తాను ఇన్నేళ్లు ఎవరి కంట పడకుండా ఉతుక్కున్న దాని గురించి, ఇక్కడ వీళ్లు పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా మాట్లాడుకుంటున్నారు.

తర్వాత నరం పరీక్ష. తొడుగు వేసుకున్న వేలికి ఏదో పట్టీ అంటించుకుని చిన్న కరెంటు ఇచ్చారు. చీమ కుట్టినట్టై లోపల ఎక్కడో అదిరింది. ఆ తర్వాత సన్నటి సూది. సూది కండలో దిగినప్పుడు ప్రాణం జివ్వుమంది. డాక్టరమ్మ బిగబట్టమనగానే పక్కనున్న మిషన్‌లోంచి పేలాలు వేగినట్టు చిటపటమని చప్పుడొచ్చింది. ఐలవ్వ బెదిరిపోయింది.

"భయపడకు. గది నీ కండ చప్పుడే. నరం చెప్తే కండ ఇంటుంది."

ఐలవ్వ మళ్లీ బిగబట్టింది, ఈసారి కావాలని. చిటపట. వదిలింది. చప్పుడు సన్నగిల్లింది. సచ్చిపోయిందనుకున్న చోట ఏదో బతికి ఉండి జవాబు చెప్తున్నది. నొప్పిలోనే ఆమెకు చిన్నపిల్లలా ఇంకోసారి వినాలనిపించింది. డాక్టరమ్మ సూదిని ముందు వైపుకు మార్చింది.

"బిగబట్టమ్మా."

"పట్టిన."

మిషన్ పలకలేదు.

"ఇంకొంచెం గట్టిగ."

"పట్టిననే డాక్టరమ్మా." ఎంత బిగబట్టినా ఆ వైపు నుంచి ఉలుకు లేదు, పలుకు లేదు.

స్కానింగ్ కూడా చూశాక పెద్ద డాక్టరమ్మ ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నరం కొంచెం నిదానంగా ఉన్నా బతికే ఉందని, కండ మాత్రం ముందు వైపు తెగి ఉందని, అది కొడుకు పుట్టినప్పటి పాత చినుగని చెప్పింది. మిగిలిన కండకు మిషన్ ముందు కూర్చోబెట్టి కసరత్తు నేర్పుతారు. దొడ్డి గట్టిపడేలా మందు ఇస్తారు. తెగినదాన్ని కుట్టాలా వద్దా అన్నది ఆ తర్వాత చూస్తారు. తిండి మానడం మాత్రం మందు కాదు.

"శాపం గిట్ల కాదా అమ్మా?" అని అడిగింది ఐలవ్వ.

"చీర చినిగితే శాపమంటవా? గిదీ గంతే."

ఐలవ్వకు ఒక్క క్షణం గుండె తేలికైంది. ఆ క్షణం దాటకముందే అడిగింది. "మరి గప్పుడే అచ్చుంటే?"

"గప్పుడే అచ్చుంటే శాన మంచిగుండేది. కాన్పయిన కొత్తల చూస్తే కొందరికి కసరత్తుతోనే తక్కువైతది, కొందరికి మంచిగ కుడితే సరిపోతది. ఎంత ఆలస్యమైతే గంత కష్టం. బాధేందంటే ఎవ్వలు చెప్పరు, ఎవ్వలు అడగరు. మీ ఇంట్ల బాలింతలు ఎవరన్న ఉంటే నువ్వన్న చెప్పు."

తేలికైన గుండె అక్కడే రాయిలా పడిపోయింది. చెప్పు అంటున్నది డాక్టరమ్మ. ఐలవ్వ చెప్పింది కదా. ఎవ్వలకు చెప్పకు అని చెప్పింది. మంత్రసానికి తెలియక అదే అతుక్కుంటది అన్నది. తాను తెలిసి అన్నది. ఇద్దరిలో ఎవరి పాపం ఎక్కువో తేల్చడానికి పాస్టరయ్య అక్కర్లేదు.

మర్నాడు పొద్దున జూబ్లీ బస్టాండ్‌లో రమేశ్ ఇడ్లీ పొట్లం తెచ్చి చేతికిచ్చాడు. "ఉపవాసమున్న కొడుకా" అంది ఐలవ్వ. అనేశాక నాలుక కరుచుకుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. మధ్యలో వచ్చింది కూడా అంత తొందరగా పోదు.

రమేశ్ నవ్వాడు. "నీ ఉపవాసాలు మా కృపకు గూడ అంటుకున్నయ్ అవ్వా. ఏమో ఆడోళ్ల బాధ ఉండెనట, నీ ప్రార్థనతోని పోయిందట. ఇయ్యాల మా ఇంట్ల స్త్రీల కూడిక ఉంది. సాక్ష్యం చెప్తదట. కోరుట్లకు రేపు పోదువు, నువ్వు గూడ ఉంటే మంచిగుంటది."

సాక్ష్యం అంటే కూడికలో లేచి నిలబడి దేవుడు తనకు చేసిన మేలు నలుగురికీ చెప్పడం. ఐలవ్వ ఆ మాట విని ఆశపడింది. నిజంగా పోయిందేమో. తన నోటి మాట తప్పైనా దేవుడు ఆ పిల్లను చూసి కరుణించాడేమో. సిరిసిల్లలో దిగేదాకా ఆ ఆశను గట్టిగా పట్టుకుంది.

తంగళ్ళపల్లిలో ఇంటి గుమ్మం దగ్గర కోడలిని చూడగానే అది జారిపోయింది. కృపారాణి సగమైంది. చెంపలు లోపలికి పోయాయి, జాకెట్టు భుజాల మీద వేలాడుతున్నది. ఒళ్లో పిల్ల రొమ్ము పట్టి నాలుగు గుక్కలు లాగి, రాక, ఏడ్చి, మళ్లీ లాగుతున్నది. బొద్దుగా పుట్టిన పిల్ల. దాని మణికట్టు చూసి ఐలవ్వ అక్కడే నిలబడిపోయింది.

కూడికకు ఆడవాళ్లు చాపల మీద చేరారు. పాటలయ్యాయి. కృపారాణి పిల్లను పక్కింటామెకు ఇచ్చి కూర్చుంది. తలుపు పక్కన. పక్కనే సంచి. సంచి మూతిలోంచి మడతపెట్టిన పాతచీర ముక్క కనబడుతున్నది. ఐలవ్వకు ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. తింటే కదా వచ్చేది. ఆ పిల్ల తినడం మానేసింది. రావడం తగ్గింది. తగ్గినదాన్ని స్వస్థత అనుకుంటున్నది.

పాస్టరమ్మ పిలిస్తే కృపారాణి లేచి నిలబడింది. "కాన్పయినంక నాకొక బాధ ఉండె. ఎవ్వలకు చెప్పుకునేది కాదు. మా అత్తమ్మ ఉపవాసముండుమన్నది. ఉన్న. దేవుడు నాకు తక్కువ చేసిండు. మా అత్తమ్మ అసొంటి అత్త ఎవ్వలకుండది." కూర్చోబోతూ అత్త వైపు తిరిగి నవ్వింది. తల్లి లేని పిల్ల నవ్వు అది.

ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. ఐలవ్వ మనసులో అనుకుంది, అందరూ పోయాక చెప్తాను, వంటింట్లో, మెల్లగా. అంతలో రాములవ్వ అనే ఆమె చాప మీద ముందుకు జరిగింది. "ఐలవ్వా, మా బిడ్డకు గూడ మొన్న కాన్పయిన కాన్నుంచి గిసొంటి బాధనే ఏమో, చెప్పది గని ఏడుస్తది. ఉపవాసం ఎట్లుండాల్నో జర నాకు చెప్పరాదు. రేపటి సంది దానితోని మొదలుపెట్టిస్త."

ఐలవ్వ లేచింది.

"వద్దు" అంది. "నేను దేవుని కోసం ఒక్క పూట గూడ ఉపవాసముండలే."

ముందుకు జరిగిన రాములవ్వ వెనక్కి జరిగింది.

"నాకు దొడ్డికస్తే ఆగది. రమేశ్ పుట్టిన కాన్నుంచి. తింటే నలుగుట్ల శరం పోతదని తినకపోయేది. దేవుని పేరు చెప్పిన. మీరు నమ్మిండ్రు, నేను నమ్మనిచ్చిన. గడపకాడ కూసునేది ఉరికేటందుకు. జగిత్యాల డాక్టరమ్మ తోలితే నిన్న పట్నంల సూదులు పెట్టి చూసిండ్రు. లోపట కండ తెగి ఉందట. శాపం కాదు, పాపం కాదు, కండ. కాన్పయిన కొత్తల్నే చూపించుకుంటే మంచిగయ్యేదట. రాములవ్వా, నీ బిడ్డను ఉపవాసం పెట్టకు, దవాఖానకు తోలుకపో. నీ కాళ్లు మొక్కుత."

ఎవరో కిసుక్కుమన్నారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది, ఇప్పుడే వాసనొచ్చినట్టు. పాస్టరమ్మ ముగింపు ప్రార్థన తొందరగా చేసింది. అందరూ చెప్పులు వేసుకుంటుంటే రాములవ్వ మాత్రం వెనక ఆగి, గొంతు తగ్గించి, "గా జగిత్యాల డాక్టరమ్మ ఏ యాళ్లకు ఉంటది?" అని అడిగిపోయింది. ఉపవాసాల ఐలవ్వ ఆ మధ్యాహ్నం ఆ చాపల మీద చచ్చిపోయింది. అందుకు ఐలవ్వకు బాధేమీ కలగలేదు. బాధంతా వంటింట్లో నిలబడి ఉంది.

కృపారాణి గోడకు ఆనుకుని ఉంది. ఏడవడం లేదు.

"నేను అడిగిన నాడు నీకు ఎరుకనేనా?"

"ఎరుకనే బిడ్డా."

"నీకు అయ్యేదే నాకైతుందని ఎరుకనేనా?"

"ఎరుకనే."

"నా పిల్లకు పాలెండిపోయినయ్ అత్తమ్మా." గోడ వదిలి ముందుకు వచ్చింది. "నేను దేవుడు పరీక్ష చేస్తుండనుకున్న. ఎందుకు చెప్పలే?"

గుమ్మం దగ్గర కోడలిని చూసినప్పటి నుంచీ ఐలవ్వ ఈ ప్రశ్నకు జవాబులు కూడబెట్టుకుంది. అవన్నీ వదిలేసి, "నా పేరు పోతదని" అంది. అంతకంటే నీచమైన జవాబు లేదని ఆమెకు తెలుసు. అదే నిజం కూడా.

ఆమె కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, కోడలి ముందు పెట్టింది. ఇంకో కంచంలో తనకు పెట్టుకుంది. రమేశ్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అంతా విన్నాడు. కొడుకు చూస్తుండగా, తలుపులు బార్లా తెరిచి ఉండగా, ఐలవ్వ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. కృపారాణి చాలాసేపు కంచం ముట్టలేదు. పిల్ల ఏడ్చింది. అప్పుడు ముట్టింది. పిల్ల కోసం తిన్నది, అత్త కోసం కాదు.

తెల్లారి అత్తాకోడళ్లు జగిత్యాల పోయారు. బస్సులో తలుపు పక్కన ఇద్దరు పట్టే సీటు దొరికితే, ఐలవ్వ కోడలిని అంచున కూర్చోబెట్టి తాను లోపలికి జరిగింది. బస్సు ఎక్కేముందు ఇద్దరూ ఇడ్లీ తిని ఉన్నారు. ఒక చోట ఐలవ్వకు చీర పాడైంది. ఈసారి ముక్కు మూసుకోలేదు. అడ్డం పెట్టుకోవడానికి ఏమన్నా ఉందా అని కోడలిని అడిగింది. కృపారాణి అటు చూడకుండానే సంచిలోంచి పాతచీర ముక్క తీసి ఇచ్చింది.

దవాఖానాలో దీక్షిత ఐలవ్వను చూసి పలకరించబోయి, ఆమె వెనకున్న మనిషిని చూసి ఆగిపోయింది.

"మా కోడలు డాక్టరమ్మా. నాలెక్కనే. మొన్న నీకు గీ సంగతి చెప్పలే."

డాక్టరమ్మ తిట్టినా బాగుండేది. తిట్టకుండా కృపారాణిని లోపలికి పిలిచింది. గుమ్మం దగ్గర కృపారాణి వెనక్కి తిరిగి, ఒక్క క్షణం ఎవరికివ్వాలా అన్నట్టు చూసి, పిల్లను అత్త చేతుల్లో పెట్టింది. "పట్టుకో" అంది. నిన్నటి నుంచి ఆమె అత్తతో మాట్లాడిన మొదటి మాట అది.

తెర జరిగింది. ఐలవ్వ బయట బల్ల మీద కూర్చుంది. ఒళ్లో పిల్ల ఈకలాగా ఉంది. ఆ తేలికతనం ఆమె చేతులకు మొయ్యలేనంత ఉంది. లోపల డాక్టరమ్మ గొంతు వినబడింది.

"భయపడకు. ముందుగాల చేత్తోనే చూస్త. ఊపిరి తీస్కో. ఆ, గిప్పుడు బిగబట్టు."

బయట బల్ల మీద ఐలవ్వ పళ్లు కరిచింది. ఈసారి పిడికిళ్లు కాదు. పిల్లను గుండెకు అదుముకుని, కోడలికి పట్టు దొరకాలని, ఉన్నదంతా కూడగట్టుకుని తానూ బిగబట్టింది.

"ఇంకా" అంది లోపలి గొంతు.

ఐలవ్వ వదల్లేదు.